సాఫ్ట్‌వేర్ 'హ్యాంగ్' అయిందా? ఆపేముందు ఒక్క కాపీ తీసుకోండి

నెలాఖరు రోజు షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతుంది. కౌంటర్ ముందు కస్టమర్లు. చేసేదేముంది, ఎండ్ టాస్క్ కొట్టి మళ్లీ తెరుస్తారు. పని నడుస్తుంది కానీ, ఎందుకు ఆగిందో చెప్పే సాక్ష్యం కూడా దాంతోనే పోతుంది. వచ్చే నెలాఖరుకు మళ్లీ అదే గోల.

నడుస్తున్న ప్రోగ్రాం తన లెక్కలన్నీ ర్యామ్‌లో పెట్టుకుంటుంది. ఆ క్షణంలో అక్కడ ఉన్నదంతా ఒక ఫైలుగా డిస్క్ మీదికి దించడమే మెమరీ డంప్. విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, ఆ ప్రోగ్రాం పేరు మీద రైట్ క్లిక్ చేస్తే 'క్రియేట్ డంప్ ఫైల్' అని ఉంటుంది. ఫైలు టెంప్ ఫోల్డర్‌లో పడుతుంది. కాపీ అయ్యేంతసేపు ప్రోగ్రాం ఆగుతుందే తప్ప మూతపడదు.

డెవలపర్లు ఎక్కువగా వాడేది మార్క్ రస్సినోవిచ్ రాసిన ప్రాక్‌డంప్. విండో స్పందించడం మానేసినా, సీపీయూ వాడకం హద్దు దాటినా తనే డంప్ తీసేలా దాన్ని కాపలా పెట్టొచ్చు. లైనక్స్‌లో ఇదే పనికి జీకోర్ ఉంది.

ఒక డంప్ ఒక ఫొటో లాంటిది. పది సెకన్ల తేడాతో రెండు మూడు తీస్తేనే ప్రోగ్రాం నెమ్మదిగా కదులుతోందా, ఒకే చోట ఇరుక్కుందా తెలిసేది. గుమాస్తా చేతిలో ఖాతా పుస్తకం, క్యాషియర్ చేతిలో గల్లా తాళం. నీది ఇస్తేనే నాది ఇస్తానని ఇద్దరూ కూర్చుంటే పని కదలదు కదా! ప్రోగ్రాంలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. విన్‌డీబీజీలో డంప్ తెరిస్తే ఎవరు దేనికోసం ఆగారో కనబడుతుంది.

అయితే డంప్ అంటే ఉత్త ఎర్రర్ రిపోర్టు అనుకుని వాట్సాప్‌లో పంపేస్తే ప్రమాదం. కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు కూడా అందులో ఉండొచ్చు. పాస్‌వర్డులు దాచే కీపాస్ ప్రోగ్రాంలోనే, డంప్ నుంచి మాస్టర్ పాస్‌వర్డ్‌ను మొదటి అక్షరం తప్ప మిగతాదంతా రాబట్టవచ్చని 2023లో బయటపడింది. 2.54 వెర్షన్‌లో సరిచేశారు. సపోర్ట్ వాళ్లు డంప్ అడిగితే ముందు మినీ డంప్ సరిపోతుందా అని అడగాలి. అందులో డేటా చాలా తక్కువ పడుతుంది. ఫుల్ డంపే కావాలంటే జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్ మాత్రం ఫోన్‌లో చెప్పాలి. పని అయ్యాక టెంప్‌లో మిగిలిన ఫైలు చెరిపేయడం చాలామంది మర్చిపోతారు.