డోలు దెబ్బ స్పీకర్‌లో ఎందుకు చప్పబడుతుంది?

పెళ్లి పందిట్లో డోలు మోగితే ఆ దెబ్బ గుండెలకు తగులుతుంది. దాన్నే ఫోన్‌లో రికార్డు చేసి వింటే తాళం తెలుస్తుంది గానీ ఆ అదురు ఉండదు. వాల్యూమ్ పెంచితే శబ్దం పగిలినట్టు అవుతుంది తప్ప అదురు రాదు. ఎందుకని?

సంగీతంలో మెల్లని స్వరానికీ, పెద్ద దెబ్బకూ మధ్య ఉండే అంతరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. దెబ్బ పడిన క్షణంలో శబ్దం సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి లేచిందనుకుందాం. అప్పుడు స్పీకర్‌కు 100 రెట్లు విద్యుత్ శక్తి కావాలి. సగటున 1 వాట్‌తో పాడుతున్న స్పీకర్‌కు ఆ క్షణంలో 100 వాట్లు కావాలన్నమాట.

స్పీకర్‌లో శబ్దాన్ని పుట్టించే భాగం డ్రైవర్. అయస్కాంతం మధ్యలోని తీగచుట్టలో విద్యుత్ ప్రవహిస్తే, దానికి అతికించిన కోన్ ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. అమెరికాలో రైస్, కెల్లాగ్ 1925లో వివరించిన ఈ పద్ధతినే నేటికీ ఎక్కువ స్పీకర్లు అనుసరిస్తున్నాయి.

ఇక్కడే సైజు ముఖ్యమవుతుంది. 12 అంగుళాల కోన్ వైశాల్యం 6 అంగుళాల కోన్ కన్నా సుమారు 4 రెట్లు ఎక్కువ. కాబట్టి అంతే గాలిని నెట్టడానికి అది నాలుగో వంతు దూరం కదిలితే చాలు. పైగా 80 హెర్ట్జ్ స్వరం నుంచి 40 హెర్ట్జ్‌కు దిగితే, అదే శబ్ద స్థాయికి కోన్ 4 రెట్లు ఎక్కువ దూరం కదలాలి. చిన్న కోన్ త్వరగా తన హద్దుకు చేరుతుంది. శబ్ద తరంగం శిఖరం అక్కడ నలిగిపోతుంది. మనకు వినిపించే పగులు అదే.

మరో చిక్కు వేడి. మామూలు కోన్ స్పీకర్‌కు అందిన శక్తిలో శబ్దంగా మారేది దాదాపు 1 శాతమే. మిగతాది చాలావరకు తీగచుట్టను వేడెక్కిస్తుంది. వేడెక్కిన రాగి తీగ నిరోధం పెరిగి, దెబ్బలు మెత్తబడతాయి.

రకం మారితే ఫలితం మారుతుంది. జాతరల్లో చూసే హార్న్ మైకు, విచ్చుకునే గొట్టం ద్వారా కదలికను గాలికి మెరుగ్గా అందిస్తుంది. అందుకే తక్కువ వాట్లతోనే దూరం వినిపిస్తుంది. కానీ దాని మూతి చిన్నది, లోతైన స్వరాలు పలకదు.

అలాగని కోన్ పెద్దదైతే అన్నీ బాగుంటాయని కాదు. పెద్ద కోన్ హెచ్చు స్వరాలను టార్చిలైటు వెలుగులా ఒకే దిక్కుకు పంపుతుంది. అందుకే మంచి పెట్టెల్లో కింది స్వరాలకు వూఫర్‌నూ, పై స్వరాలకు చిన్న ట్వీటర్‌నూ వేర్వేరుగా అమరుస్తారు.

కాబట్టి స్పీకర్ కొనేటప్పుడు పెట్టె మీది వాట్లు ఒక్కటే చూడకండి. 1 వాట్‌కు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో చూడండి. 95 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ 10 వాట్లతో చేసే పనికి, 85 డెసిబెల్స్ ఇచ్చేదానికి 100 వాట్లు కావాలి.