మిరప మంట ఎందుకు? మార్ఫిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుంది?

తుళ్లూరు వైపు కల్లాల్లో ఎండుమిరపకాయల తొడిమలు తీసేవాళ్ల చేతులు రాత్రి దాకా భగభగ మండుతాయి. నిప్పు తగల్లేదు, గాయం కాలేదు. మరి ఎందుకు?

కాయలోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే ఒక ద్వారాన్ని నరాల చివర తెరుస్తుంది. ఆ ద్వారాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ద్వారం తెరుచుకోగానే ‘కాలింది’ అన్న కబురు వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది.

నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్ ముఖ్యంగా ఆ దారిలోనే పనిచేస్తుంది. వెన్నుపాములో, మెదడులో ఉన్న ఓపియాయిడ్ గ్రాహకాలకు అతుక్కుని కబురును బలహీనం చేస్తుంది. మన ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లు అతుక్కునేదీ వాటికే!

క్యాన్సర్ నొప్పితో అల్లాడేవారికి ఈ మందు నిజంగా వరం. అయితే ఊపిరిని నడిపే మెదడు భాగంలోనూ ఆ గ్రాహకాలున్నాయి. మోతాదు మించితే శ్వాస ఆగిపోవచ్చు. డాక్టరు చెప్పకుండా ఇలాంటి మాత్ర ఒక్కటైనా ముట్టుకోకండి.