వలస ముస్లింల సామాజిక సమ్మేళనం – మతాంతర వివాహం: హైదరాబాద్ నేపథ్యం

ఉపోద్ఘాతం

వలస వచ్చిన సమూహం స్థానిక సమాజంలో ఎంతమేరకు కలిసిపోయిందో నిర్ణయించడానికి సామాజిక శాస్త్రవేత్తలు తరచుగా వివాహాన్ని కొలమానంగా గ్రహిస్తారు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మిల్టన్ గోర్డన్ 1964లో వెలువరించిన గ్రంథంలో వివాహ సంబంధాలను సమ్మేళన ప్రక్రియలో ఒక ప్రత్యేక దశగా గుర్తించాడు. ఐరోపాలో స్థిరపడిన టర్కీ, మొరాకో ముస్లింలను గురించిన చర్చల్లోనూ అన్యమతస్థులతో వియ్యమందినవారు ఎందరన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఇదే కొలమానాన్ని హైదరాబాదుకు అన్వయిస్తే సగం చిత్రమే కనిపిస్తుంది.

బార్కస్ అరబ్బులు

నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి 19వ శతాబ్దంలో అనేకమంది అరబ్బులు నిజాం సైనిక కొలువులో చేరారు. వారిని స్థానికులు ‘చావుష్‌లు’ అన్నారు. వారి నివాసమైన బార్కస్ పేరు ఆంగ్లంలోని ‘బ్యారక్స్’ నుంచి వచ్చింది. వచ్చినవారిలో అత్యధికులు ఒంటరి పురుషులు. వారు ఇక్కడి స్త్రీలను వివాహమాడారు. ఆ సంతానాన్ని ‘మువల్లద్’లుగా వ్యవహరించారు. తల్లి ఒడిలోనే పిల్లలకు దక్కనీ ఉర్దూ అబ్బింది. 1948 పోలీసు చర్య తరువాత సైనిక కొలువు పోయినా బార్కస్ మిగిలింది. వారి మర్ఫా వాద్యం నేడు నగరంలో మతంతో నిమిత్తం లేకుండా పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతున్నది. ఈ పెళ్ళిళ్ళు ప్రధానంగా ముస్లిం కుటుంబాల మధ్యనే జరిగాయి. గోర్డన్ కొలమానాన్ని మతానికే పరిమితం చేసి చూస్తే వారు కలవనివారు. భాషను, బంధుత్వాన్ని చూస్తే అచ్చమైన హైదరాబాదీలు.

నమోదు కాని మతాంతరం

మరొక చిక్కు నమోదులో ఉంది. వధువో వరుడో మతం మార్చుకొని నిఖా చేసుకుంటే ఆ వివాహం ఒకే మతస్థుల పెళ్ళిగా లెక్కకెక్కుతుంది. మతం మారకుండా నిఖా జరిగితే పరిస్థితి ఇంకా క్లిష్టం. ముస్లిం పురుషునికి, హిందూ స్త్రీకి జరిగిన అటువంటి పెళ్ళి ‘బాతిల్’ (చెల్లనిది) కాదనీ, ‘ఫాసిద్’ (సక్రమం కానిది) అనీ సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పిల్లలకు తండ్రి ఆస్తిలో వారసత్వం ఉంటుంది. భార్యకు మహర్ దక్కుతుందే తప్ప భర్త ఆస్తిలో వాటా రాదు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన స్త్రీకి ఇది చిన్న విషయం కాదు.

ఈ లోపాన్ని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పూరిస్తుంది. ఎవరి మతంలో వారు ఉండవచ్చు. ఆస్తి పంపకం 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. అయితే 19వ సెక్షన్ ప్రకారం హిందువైన వ్యక్తి ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్లే.

అంతకంటె బరువైనది నోటీసు నిబంధన. పని కోసం పల్లె విడిచి వచ్చి అంబర్‌పేట్‌లోనో నాచారంలోనో అద్దెకుంటున్న జంటనే తీసుకుందాం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉంటే అక్కడి వివాహాధికారికి నోటీసు ఇవ్వవచ్చు. దానిని కార్యాలయంలో ప్రదర్శించి, అభ్యంతరాల కోసం 30 రోజులు వేచి ఉండాలి. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి అక్కడి కార్యాలయానికీ వెళ్తుంది. ఎవరికి తెలియకూడదని వారు నగరానికి వచ్చారో, ఆ ఊరికే ప్రభుత్వం కబురంపినట్లవుతుంది. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో ముస్లిం యువతిని ప్రేమించి పెళ్ళాడిన దళిత యువకుడు నడివీధిలో హత్యకు గురయ్యాడు. ఆమె బంధువులే నిందితులయ్యారు. వారి వివాహం ఈ చట్టం కింద గాక ఆర్యసమాజ పద్ధతిలో జరిగింది. అటువంటి జంటలు నోటీసు లేని దారిని ఎందుకు ఎంచుకుంటాయో ఊహించడం కష్టం కాదు.

నోటీసు ప్రచురణ వధూవరుల ఇష్టానికి వదలాలని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో తీర్పు చెప్పింది. తెలంగాణకు అది నేరుగా వర్తించదు. చట్టంలోని వాక్యం మారలేదు.