ఫెన్‌వే పార్క్: గోడ కూడా మ్యాచ్ ఆడే గ్రౌండ్

ఈరోజు ఎపిసోడ్‌లో క్రికెట్‌ని కాసేపు పక్కన పెట్టి బేస్‌బాల్ గ్రౌండ్‌కి వెళ్దాం. అమెరికాలో, బోస్టన్ సిటీలో ఉన్న ఫెన్‌వే పార్క్. బోస్టన్ రెడ్ సాక్స్ టీమ్ హోమ్ గ్రౌండ్ ఇది. 1912 ఏప్రిల్ 20న ఇక్కడ మొదటి లీగ్ మ్యాచ్ జరిగింది. టైటానిక్ మునిగిపోయి అప్పటికి ఐదు రోజులే అయింది. మేజర్ లీగ్ టీమ్‌లు ఇప్పుడు ఆడుతున్న గ్రౌండ్లన్నిట్లో ఇదే పాతది.

పాతది కాబట్టి గొప్పది అని చెప్పడానికి ఈ వీడియో కాదు. నిజం చెప్పాలంటే ఇందులో సీట్లు ఇరుకు. కొన్ని సీట్ల ముందు స్తంభాలు అడ్డం వస్తాయి. ఒక దశలో దీన్ని వదిలేసి కొత్తది కట్టేద్దామని కూడా అనుకున్నారు. మరి ఎందుకు మిగిలింది? మీరు టికెట్ కొంటే ఎక్కడ కూర్చోవాలి? ఈ రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది. ఈ గ్రౌండ్ షేప్‌లో.

ముందు బేస్‌బాల్ సంగతి కొంచెం

క్రికెట్‌లో బ్యాటర్ గ్రౌండ్ మధ్యలో ఉంటాడు, చుట్టూ ఎటైనా కొట్టొచ్చు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. బ్యాటర్ ఒక మూలలో నిలబడతాడు. ఆ చోటుని హోమ్ ప్లేట్ అంటారు. అక్కడినుంచి ఎడమకి ఒకటి, కుడికి ఒకటి రెండు తెల్ల గీతలు గోడదాకా వెళ్తాయి. బంతిని ఆ రెండు గీతల మధ్యలోకే కొట్టాలి. బయటికి పోతే ఫౌల్. ఆ మధ్యలోంచే బంతి నేలకి తగలకుండా చివరి గోడ దాటిందనుకోండి, అది హోమ్ రన్. మన సిక్సర్‌కి అన్నలాంటిది.

గీతలు గోడని తాకేచోట రెండు ఎత్తయిన పసుపు స్తంభాలు ఉంటాయి. వాటిని ఫౌల్ పోల్స్ అంటారు. పేరులో ఫౌల్ ఉన్నా, గాల్లో వచ్చిన బంతి నేరుగా దానికి తగిలితే హోమ్ రన్ ఇస్తారు.

ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. బేస్‌ల మధ్య దూరం అన్ని గ్రౌండ్లలో ఒకటే, 90 అడుగులు. కానీ చివరి గోడ ఎంత దూరంలో ఉండాలి, ఎంత ఎత్తు ఉండాలి అన్నది గ్రౌండ్‌ని బట్టి మారిపోతుంది. ఫెన్‌వే కథంతా ఇక్కడే మొదలవుతుంది.

గ్రీన్ మాన్‌స్టర్

సిటీ మధ్యలో, రోడ్ల నడుమ మిగిలిన వంకర స్థలంలో ఈ గ్రౌండ్ కట్టారు. ఎడమవైపు లాన్స్‌డౌన్ స్ట్రీట్ అడ్డం వచ్చింది. దాంతో అటువైపు గీత వెంబడి గోడ 310 అడుగుల్లోనే, అంటే దాదాపు 94 మీటర్లలోనే వచ్చేస్తుంది. మన క్రికెట్ బౌండరీ గరిష్ఠంగా 82 మీటర్లు కాబట్టి ఇది దూరమే కదా అనిపించొచ్చు. కానీ బేస్‌బాల్ లెక్కలో 310 అడుగులంటే బాగా దగ్గర.

దూరం లేదు కాబట్టి ఎత్తు పెంచారు. ఇప్పుడున్న గోడ ఎత్తు 37 అడుగుల 2 అంగుళాలు. మూడంతస్తుల మేడ పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. మొదట్లో ఇది చెక్క గోడ. టికెట్ లేకుండా బయటినుంచి చూసేవాళ్లని ఆపడం కూడా దాని పని. 1934లో దాన్ని మార్చి కొత్తగా కట్టారు. చాలాకాలం దానిమీద ప్రకటనలు ఉండేవి. 1947లో అవన్నీ తీసేసి ఆకుపచ్చ రంగు వేశారు. గ్రీన్ మాన్‌స్టర్ అన్న పేరు అలా వచ్చిందే.

దీనివల్ల ఆట ఎలా మారుతుందో చూడండి. బ్యాటర్ బంతిని బాగా పైకి లేపాడనుకుందాం. వేరే గ్రౌండ్‌లో అయితే ఫీల్డర్ కింద నిలబడి తేలిగ్గా క్యాచ్ పట్టేస్తాడు. ఇక్కడ అదే బంతి గోడ దాటి హోమ్ రన్ అయిపోవచ్చు. ఇంకో బ్యాటర్ బుల్లెట్‌లాంటి షాట్ కొట్టాడు. వేరేచోట అది కచ్చితంగా హోమ్ రన్. ఇక్కడ గోడకి ఠప్పున తగిలి కింద పడుతుంది. అంటే మంచి షాట్‌కి శిక్ష, మామూలు షాట్‌కి బహుమతి. ఈ గోడ ఎవరికి ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేం.

అందుకే ఇక్కడ ఎడమవైపు ఫీల్డింగ్ చేసేవాడికి పరుగెత్తడం ఒక్కటే వస్తే చాలదు. బంతి ఏ భాగానికి తగిలితే ఎటు తిరిగొస్తుందో తెలిసుండాలి. గోడ కింది భాగంలో ఒక స్కోర్‌బోర్డ్ ఉంది. ఇప్పటికీ దాన్ని మనుషులే నడుపుతారు. గోడ లోపల కూర్చుని అంకెల పలకలు చేత్తో మారుస్తారు. అంత పెద్ద డిజిటల్ స్క్రీన్లు వచ్చాక కూడా దీన్ని తీసేయలేదు.

కుడివైపు ఇంకో తమాషా

కుడి గీత చివర ఫౌల్ పోల్ ఉన్నది 302 అడుగుల్లోనే. పాత ఆటగాడు జానీ పెస్కీ పేరుమీద దాన్ని పెస్కీస్ పోల్ అంటారు. సరే, అటు కొట్టడం తేలికే అనుకుంటాం. కానీ ఆ స్తంభం దాటగానే గోడ ఒక్కసారిగా వంపు తిరిగి వెనక్కి పోతుంది, 380 అడుగులదాకా. మధ్యలో కొంచెం కుడిపక్కన ఒక త్రికోణం మూల ఉంది. అది 420 అడుగులు. అంటే ఒకే గ్రౌండ్‌లో అతి దగ్గరి చోటుకీ, అతి దూరపు చోటుకీ మధ్య తేడా 118 అడుగులు.

పైగా కుడివైపు గోడలు పొట్టివి. 2013 ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్ మీద డేవిడ్ ఆర్టిజ్ కొట్టిన గ్రాండ్ స్లామ్ చూడండి, వీడియో ఫోన్లో దొరుకుతుంది. బంతి కోసం ఎగిరిన ఫీల్డర్ టోరీ హంటర్ పొట్టిగోడ మీదుగా అవతల పడిపోయాడు. ఫ్రేమ్‌లో కాళ్లు మాత్రమే పైకి కనిపిస్తాయి. పక్కనే డ్యూటీలో ఉన్న పోలీసాయన రెండు చేతులూ పైకెత్తేశాడు!

ఆ వెనకాల ఆకుపచ్చ సీట్ల మధ్యలో ఒకేఒక్క ఎర్ర సీటు ఉంటుంది. సెక్షన్ 42, వరుస 37, సీటు 21. 1946 జూన్ 9న టెడ్ విలియమ్స్ కొట్టిన బంతి అక్కడ పడింది. దూరం 502 అడుగులుగా లెక్క రాశారు. అక్కడ కూర్చుని హోమ్ ప్లేట్ వైపు చూస్తే, ఇంతదూరం ఎలా కొట్టాడురా బాబూ అనిపిస్తుంది.

టికెట్ కొనేముందు

ఇప్పుడు అసలు విషయం. స్టేడియంలో దాదాపు 37,700 మంది పడతారు. కానీ అన్ని సీట్లూ ఒకటి కాదు.

ఒకటి, గ్రాండ్‌స్టాండ్. పైన కప్పు ఉంటుంది, ఎండా వానా బాధ తక్కువ. ఇక్కడి నీలం రంగు చెక్క సీట్లు 1934 నాటివి. అప్పటి మనుషుల కొలతలు కాబట్టి మోకాళ్లు ముందు సీటుకి తగులుతాయి. కప్పుని మోసే స్తంభాలు కొన్నిచోట్ల సరిగ్గా కంటికి అడ్డం వస్తాయి. అలాంటి టికెట్ మీద అడ్డు ఉందని రాసి ఉంటుంది. రేటు తక్కువ ఉందని తొందరపడి నొక్కేయకండి, ఆ లైన్ చదవండి.

రెండు, కుడివైపు చివరి సెక్షన్లు. అక్కడి సీట్లు హోమ్ ప్లేట్ వైపు కాకుండా మైదానం మధ్యకి తిరిగి ఉంటాయి. మ్యాచ్ అంతా మెడ తిప్పి చూడాలి. మూడు గంటల తర్వాత మెడ పట్టేస్తుంది.

మూడు, బ్లీచర్స్. దూరంగా, కప్పు లేకుండా ఉండే సీట్లు. మామూలుగా రేటు తక్కువ, గోల ఎక్కువ. ఎర్ర సీటు ఉన్నది ఇక్కడే. పగటి మ్యాచ్ అయితే టోపీ తప్పనిసరి.

నాలుగు, మాన్‌స్టర్ పైనున్న సీట్లు. 2003లో పెట్టారు. అక్కడినుంచి గ్రౌండ్ మొత్తం కాళ్లకింద ఉన్నట్టుంటుంది. రేటు కూడా అలాగే ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా ఏంటంటే, హోమ్ ప్లేట్‌కీ ఫస్ట్ బేస్‌కీ మధ్యలో, స్తంభం అడ్డులేని గ్రాండ్‌స్టాండ్ సీటు చూసుకోండి. మాన్‌స్టర్ ఎదురుగా కనిపిస్తుంది. బంతి గోడకి తగిలిన ప్రతిసారీ మీకే ముందు తెలుస్తుంది.

వెళ్లడానికి గ్రీన్ లైన్ ట్రైన్‌లో కెన్‌మోర్ స్టేషన్‌లో దిగండి. ఫెన్‌వే అనే పేరుతోనే ఇంకో స్టేషన్ ఉంది, పేరు చూసి అక్కడ దిగితే ఎక్కువ నడవాలి. నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో చదివే మనవాళ్లకైతే నడిచి వెళ్లేంత దూరమే. ఏప్రిల్ మ్యాచ్‌లకి జాకెట్ మర్చిపోవద్దు, చలి గట్టిగా ఉంటుంది. తినడానికి ఫెన్‌వే ఫ్రాంక్ అనే హాట్ డాగ్ ఫేమస్. మాంసం తినకపోతే మన వేరుశనగకాయలు ఉన్నాయి, అమెరికాలో బేస్‌బాల్‌కి అవే అసలు జోడీ. ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో స్టేడియం అంతా లేచి స్వీట్ కరోలైన్ పాట పాడుతుంది. మీరూ గొంతు కలపండి. స్టాండ్‌లోకి వచ్చిన బంతి దొరికితే తిరిగి ఇవ్వక్కర్లేదు, అది మీదే. కానీ బాల్ వేసే సమయానికి మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తండి. వల లేని చోట కూర్చుంటే ఆ బంతి తగిలి నిజంగా దెబ్బలు తగులుతాయి.

గేటు ముందున్న వీధి పేరు

బయట జెర్సీ స్ట్రీట్ అని బోర్డు కనిపిస్తుంది. 1977 నుంచి 2018 వరకు దాని పేరు యాకీ వే. 1933 నుంచి 1976లో చనిపోయేవరకు టీమ్ ఓనర్‌గా ఉన్న టామ్ యాకీ పేరు అది.

1945 ఏప్రిల్‌లో ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లని ఇదే గ్రౌండ్‌కి ట్రయల్స్‌కి పిలిచారు. అందులో ఒకరు జాకీ రాబిన్సన్. ఆడించి చూశారు, పంపేశారు, మళ్లీ పిలవలేదు. రెండేళ్లకి, 1947లో, రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి అమెరికా ఆటల చరిత్రనే మార్చేశాడు. రెడ్ సాక్స్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు పంప్సీ గ్రీన్ దిగింది 1959లో. అప్పటి లీగ్ టీమ్‌లన్నిట్లో చివర.

బేబ్ రూత్‌ని యాంకీస్‌కి అమ్మేసిన శాపంవల్లే 1918 తర్వాత 2004 దాకా టైటిల్ రాలేదని అభిమానులు చెప్పుకునేవాళ్లు. శాపం సంగతి ఏమోగానీ, తలుపు దాకా వచ్చిన రాబిన్సన్‌ని వెనక్కి పంపింది మాత్రం మనుషులే. చివరికి కొత్త యాజమాన్యమే అడిగి వీధికి పాతపేరు తిరిగి పెట్టించింది.

మరి ఎందుకు కూల్చలేదు?

1999లో పక్కనే కొత్త స్టేడియం కడతామని ప్రకటించారు. అభిమానుల్లో చాలామంది వ్యతిరేకించారు. 2002లో యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు ఉన్నదాన్నే బాగుచేద్దాం అన్నారు. గోడమీద సీట్లు, కుడివైపు కప్పుమీద సీట్లు అలా వచ్చినవే. 2003 మే నుంచి 2013 ఏప్రిల్ దాకా వరసగా 820 మ్యాచ్‌లకి టికెట్లన్నీ అమ్ముడైపోయాయని టీమ్ లెక్క.

ఇందులో సరదా ఏంటంటే, 1958 తర్వాత కట్టే గ్రౌండ్లకి గీతల వెంబడి కనీసం 325 అడుగులు ఉండాలని రూల్ వచ్చింది. కొన్నిటికి మినహాయింపు ఇచ్చారనుకోండి. కానీ రూల్ ప్రకారం చూస్తే ఫెన్‌వే ఈరోజు ప్లాన్ దశలోనే ఆగిపోవాలి. అదే సమయంలో, 1990ల నుంచి కొత్త స్టేడియాలు కట్టినవాళ్లు కావాలని వంకర మూలలు, ఎగుడుదిగుడు గోడలు పెట్టించారు. ఫెన్‌వేకి స్థలం లేక వచ్చిన వంకరని, వాళ్లు డబ్బులిచ్చి డిజైన్ చేయించుకున్నారు.

కూల్చేసి ఉంటే సుఖమైన సీట్లు వచ్చేవి, స్తంభాలు పోయేవి. కానీ మోకాళ్లు ఒత్తుకునే సీట్లూ ఆ గోడా రెండూ ఒకే ఇరుకులోంచి పుట్టాయి. అందుకే ఇక్కడ టికెట్ కొనేటప్పుడు కాస్త ఇబ్బంది కూడా అందులో భాగమే అనుకోండి, సీటు మాత్రం చూసి ఎంచుకోండి.

ఈరోజుకి ఇంతే ఫ్రెండ్స్. మీ ఊళ్లో ఇలా పాతదై, ఇరుకై, అయినా వదలబుద్ధి కాని గ్రౌండ్ ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.