చైర్మన్ తప్పుకున్నా 108 ఆగలేదు

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బైర్రాజు రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆ కంపెనీ అధినేతే ఒప్పుకున్నారు. 1987లో మన సికింద్రాబాద్‌లో పుట్టి, వేలాది ఇళ్ళకు అన్నం పెట్టిన కంపెనీ అది. జంటనగరాల్లో ఎక్కడ విన్నా షేరు ధర, ఉద్యోగాల మాటే. ఆ గొడవలో మరుగున పడిన సంగతి ఒకటుంది. 108 అంబులెన్సులు నడిపే ఈఎంఆర్ఐ సంస్థను స్థాపించినదీ, దానికి చైర్మన్‌గా ఉన్నదీ ఆయనే. మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గరున్న ఆ సంస్థ లాభాపేక్ష లేనిది. ఆ మాటకొస్తే మనలాంటిదే.

దాతల మీద ఆధారపడిన సంస్థకు ఇంతకన్నా గడ్డు పరీక్ష ఉండదు. ముందుండి డబ్బు పెట్టిన మనిషి ఉన్నట్టుండి తప్పుకోవలసి వచ్చింది, పైగా ఆయన పేరుకే మచ్చ పడింది. అయినా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, అంబులెన్సులు కదులుతూనే ఉన్నాయి.

దీన్ని అదృష్టం అనుకుంటే పొరపాటే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో సేవ మొదలైనప్పుడు ఖర్చంతా రాజు కుటుంబం మీదే ఉండేది. తర్వాత ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. వాహనాలు కొనడం ప్రభుత్వం వంతు. నడిపే ఖర్చులోనూ 95 శాతం వరకు అదే భరించేలా ఏర్పాటు జరిగింది. అంటే ఉపద్రవం రాకముందే సంస్థ ఒక్క జేబు మీద ఆధారపడటం మానేసింది. సంస్థ కూడా సత్యంలో ఒక విభాగం కాదు, వేరే సంస్థ. దానికి అప్పట్లో సొంత సీఈఓ ఉండేవారు, వెంకట్ చంగవల్లి. పని పద్ధతి ఏ ఒక్కరి తలలోనో కాక రాతలో, శిక్షణలో ఉంది: ఫోను ఎత్తినవారు ఏం అడగాలి, దగ్గర్లోని బండిని ఎలా పంపాలి, దారిలో రోగికి ఏం చేయాలో టెక్నీషియన్‌కు డాక్టరు ఫోనులో ఎలా చెప్పాలి. (డ్రైవరును అక్కడ ‘పైలట్’ అంటారు. చిన్న మాటే గాని, జీతం తక్కువైన ఉద్యోగానికి అది తెచ్చే గౌరవం చిన్నది కాదు.)

మిగిలిన వాటా అంకెలో చిన్నదే. కానీ నాయకత్వం, శిక్షణ, పరిశోధన ఆ వాటాలోనే ఉన్నాయి. ఆ బాధ్యతకు 2009లోనే జీవీకే గ్రూపు ముందుకొచ్చింది. జి.వి. కృష్ణారెడ్డి చైర్మన్ అయ్యారు, సంస్థ పేరు జీవీకే ఈఎంఆర్ఐగా మారింది. సీఈఓ మారలేదు, నంబరు మారలేదు. నాకు ఇందులో బాగా నచ్చిన విషయం ఇదే. కొత్తగా వచ్చిన పెద్దలు చాలాసార్లు తమ ముద్ర కోసం పాత మనుషుల్ని కదిలిస్తారు. ఆపదలో అది నిప్పుకు గాలి తోడైనట్టే.

సత్యం సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి, జనవరి 11న దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది. కొద్దిరోజులకే మరో ముగ్గురు చేరారు. నమ్మదగిన లెక్కలు లేవు. జీతాలు ఆగకూడదు, ఖాతాదారులు జారిపోకూడదు. ఫిబ్రవరి 5న వారు సీఈఓగా ఎంచుకున్నది బయటివారిని కాదు, ఆ కంపెనీలోనే పనిచేస్తున్న ఎ.ఎస్. మూర్తిని. భయపడిన ఉద్యోగులకు తెలిసిన ముఖం కావాలి కదా. కంపెనీని తమకు నచ్చినవారికి కట్టబెట్టకుండా, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో బిడ్లు పిలిచారు. ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల ధరతో టెక్ మహీంద్రా గెలిచింది. మూడు నెలలు దాటిందంతే.

మన సంస్థలు ఎక్కువ భాగం ఒక హాజీ సాబ్ పూనికతో, ఒక కుటుంబం ఔదార్యంతో మొదలవుతాయి. అందులో తప్పేమీ లేదు. ఎవరో ఒకరు ముందడుగు వేయకపోతే ఏదీ మొదలవదు. కానీ వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ యజమాని కాదనీ, నిర్వాహకుడేననీ మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ లెక్కను సొసైటీలకు వర్తింపజేయడానికే మొహమాటపడతాం. పెద్దాయన ఆరోగ్యంగా ఉండగా ‘మీ తర్వాత ఎవరు?’ అని అడగడం అమర్యాద అనుకుంటాం. ఆ ప్రశ్న అలా వాయిదా పడుతూ ఉంటుంది. చివరికి బ్యాంకు చెక్కు మీద సంతకం పెట్టేవారు లేక, ఫీజు కట్టాల్సిన పిల్లలూ పింఛను కోసం చూసే వితంతువులూ ఆగిపోయే రోజు వస్తుంది.

అందుకే దాతలుగా మీరు చందాతో పాటు కొన్ని ప్రశ్నలూ ఇవ్వండి. ఏటా వచ్చే డబ్బులో ఎంత భాగం ఒక్కరి నుంచే వస్తోంది? ఖాతాకు సంతకందారులు ఎందరు? జకాత్ సొమ్ము లెక్క విడిగా ఉందా? లబ్ధిదారుల జాబితా ఎవరి దగ్గర ఉంది, ఆఫీసు రిజిస్టరులోనా, కార్యదర్శి గారి ఫోనులోనా? ఆడిట్ చేసేవారు సంస్థ పెద్దలకు బంధువులు కారు కదా? సర్వసభ్య సమావేశంలో వీటికి జవాబు కాగితం మీద అడగండి. ఇచ్చినవారి పేరు, తేదీ మినిట్స్ పుస్తకంలో రాయించండి.