అద్దాల నంబరు తరచూ మారితే అప్రమత్తం
కెరటోకోనస్‌కు క్రాస్‌లింకింగ్ ఎప్పుడు అవసరం?

మెదక్: చూపు మందగిస్తే అద్దాలు మార్చుకుంటే చాలుననే అభిప్రాయం చాలామందిలో ఉంది. అయితే బాలలు, యువకుల్లో అద్దాల నంబరు, ముఖ్యంగా సిలిండర్ పవర్, కొద్ది నెలలకే మారుతుంటే కెరటోకోనస్‌ను అనుమానించాలి. నల్లగుడ్డుపై గడియారపు అద్దంలా ఉండే కార్నియా క్రమేణా పలుచబడి, శంకువులా ముందుకు పొడుచుకు రావడమే ఈ వ్యాధి. అలర్జీ దురదతో కళ్లు నులుముకునే అలవాటు దీనిని తీవ్రతరం చేస్తుంది.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభమైన 'కంటి వెలుగు' శిబిరాల్లో చూపు పరీక్షించి ఉచితంగా అద్దాలు అందజేశారు. కానీ కార్నియా వంపును, మందాన్ని తెలుసుకోవడానికి టోపోగ్రఫీ, టోమోగ్రఫీ వంటి స్కానింగ్‌లు తప్పనిసరి. ఈ సదుపాయం హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది.

అందరికీ అవసరం లేదు

వ్యాధి ఉన్నంత మాత్రాన అందరికీ చికిత్స అక్కరలేదు. అది ముదురుతోందా, నిలకడగా ఉందా అన్నదే కీలకం. ఇందుకు కొన్ని నెలల వ్యవధిలో తీసిన స్కానింగ్‌లను పోల్చి చూస్తారు. ఏడాదిలో కార్నియా గరిష్ఠ వంపు ఒక డయాప్టర్, అంతకుమించి పెరిగినా, మందం తగ్గుతూ వస్తున్నా సాధారణంగా క్రాస్‌లింకింగ్ సూచిస్తారు. పిల్లల్లో వ్యాధి వేగంగా ముదురుతుంది కనుక, నిర్ధారణ కాగానే చికిత్స చేయడానికే పలువురు నిపుణులు మొగ్గు చూపుతారు. నలభై ఏళ్లు సమీపించి, మార్పు లేనివారికి తరచుగా పరిశీలన సరిపోతుంది.

చికిత్స ఇలా

జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో వెల్లడించిన పద్ధతి ఇది. కార్నియా పైపొరను తొలగించి, అరగంటపాటు రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేస్తారు. అనంతరం మరో అరగంట అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తారు. దీంతో కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య బంధం బలపడుతుంది. ఈ పద్ధతికి కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. జాప్యం చేస్తే ఆ అవకాశం చేజారవచ్చు. మచ్చ ఏర్పడి చూపు బాగా దెబ్బతింటే కార్నియా మార్పిడి అవసరం కావచ్చు.

క్రాస్‌లింకింగ్ ఉద్దేశం వ్యాధిని నిలువరించడమే. కోల్పోయిన చూపును పూర్తిగా తిరిగి తేవడం కాదు. చికిత్స తర్వాతా అద్దాలు లేదా కాంటాక్ట్ లెన్సులు అవసరమవుతాయి. కొద్ది రోజులు నొప్పి ఉంటుంది. అరుదుగా ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదమూ ఉంది.

కళ్లు నులుముకోవడం మానుకోవాలి. పాత అద్దాల చీటీలను, స్కానింగ్ నివేదికలను భద్రపరచి ప్రతిసారీ వైద్యుడికి చూపాలి. చికిత్స ఎప్పుడన్నది నిర్ణయించడానికి అవే ప్రధాన ఆధారం.