సంతానపరీక్షల ఫలితములు – వైద్యులతో ముచ్చటించు విధము

పెండ్లియై మూడేండ్లు గడచినను ఒడి నిండని యిల్లాలికి మన కృష్ణాతీరమున సలహాలకు కొదువ లేదు. మోపిదేవికి పోయి పుట్టలో పాలు పోయుమనువా రొకరు, ఫలాని చెట్టు వేరు అరగదీసి త్రాగుమనువా రొకరు, బెజవాడలో ఫలాని డాక్టరుకు చూపించుకొమ్మనువా రొకరు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సేవింపవలదని నే ననుదానను గాను. ఆ త్రోవను పోవునప్పు డెల్ల నేనును దిగి నమస్కరించియే పోదును. కాని పరీక్షలు చేయించుకొని, ఆ కాగితములు చేత బట్టుకొని వైద్యురాలి యెదుట కూర్చున్నప్పు డేమి యడుగవలయునో చెప్పువారు మాత్రము మన చుట్టుప్రక్కల కానరారు.

సంతానము కొఱకు యత్నించు దంపతులకు 12 మాసములు గడచినను గర్భము నిలువనిచో పరీక్షలు చేయింపవలెనని వైద్యులు చెప్పుదురు. స్త్రీకి 35 ఏండ్లు నిండినచో 6 మాసములే గడువు. ఋతుక్రమము తప్పుచున్నను, పూర్వము క్షయ సోకియున్నను, కడుపులో శస్త్రచికిత్స జరిగియున్నను అంతవఱకు నాగనక్కఱలేదు. పరీక్ష లనగా ఇరువురికిని. సంతానములేని దంపతులలో రమారమి సగముమంది విషయమున పురుషునివైపు లోపము పూర్తిగనో కొంతగనో కారణ మగుచున్నది. అయినను పరీక్షలు ముందుగా ఎవరికి జరుగునో మన మెఱుగుదుము.

మన భాషలో గొడ్రాలు, వంధ్య అను మాటలు కలవు. పురుషునకు వానికి సాటియగు మాట వాడుకలో లేదు. అపుత్రకు డందుమా, అది జాలిపడు మాటయే గాని నింద గాదు. భాషయే ముందుగా తీర్పు చెప్పి కూర్చున్నది. కాళిదాసు మాత్ర మట్లు తొందరపడలేదు. రఘువంశమున దిలీపుడు సంతానము లేదని చింతించి సుదక్షిణను ఇంట విడిచి తా నొక్కడే పోలేదు. ఇరువురును ఒకే రథముపై వసిష్ఠాశ్రమమునకు పోయిరి. ముని ధ్యానించి చెప్పిన కారణమో, రాజు చేసిన తప్పిదము! త్రోవలో నున్న కామధేనువునకు ప్రదక్షిణము చేయక అతడు దాటిపోయెనట. ఆ మాట రాజును వినెను, ప్రక్కనే యుండి రాణియు వినెను. పిమ్మట ఇరువురును వ్రతము పట్టిరి. నేను చిన్ననాట మా తండ్రిగారియొద్ద ఈ సర్గము చదువుకొన్నప్పుడు గోసేవను మాత్రమే గమనించితిని. ఇప్పుడు నా దృష్టి ఆ రథముమీదనే నిలుచుచున్నది.

దివిసీమలో మా పినతల్లి కూతు రొకతె కలదు. వయస్సు 32, పెండ్లియై అయిదేండ్లు. మగడు రొయ్యల చెరువులు చూచుకొనును. ఆమె యొక లేబొరేటరీలో రక్తపరీక్ష చేయించుకొనగా ఏ.ఎమ్.హెచ్. అను దాని కెదుట 0.9 అని వేసి ప్రక్కన నక్షత్రపు గుర్తు పెట్టిరి. ఆ కాగితము వైద్యురాలి కంట బడకమునుపే కుటుంబమువారి వాట్సాప్ గుంపున కెక్కినది. సాయంకాలమునకు ఆడపడుచు "గ్రుడ్లు అయిపోయినవట" అని తేల్చెను. రాత్రికి మఱియొక సంబంధపు మాట పుట్టెను. మగనికి అప్పటి కొక్క పరీక్షయు జరిగియుండలేదు.

పిల్ల యేడ్చుచు నాకు ఫోను చేసినది. మా వారి బడికి సెలవు చూచుకొని మేము ఆ దంపతుల వెంట బెజవాడ పోయి డాక్టరమ్మగారి యెదుట కూర్చుంటిమి. ఆమె కాగితము చూచి చెప్పిన మొదటి మాట యిది: "ఈ సంఖ్య బుట్టలో నెన్ని గ్రుడ్లు మిగిలియున్నవో ఉజ్జాయింపుగా చెప్పును. నెలకు విడుదలయగునది యొక్కటియే గదా! ఆ యొక్కటి మంచిదో కాదో యీ సంఖ్య చెప్పజాలదు." నక్షత్రపు గుర్తు యంత్రము పెట్టునదే గాని వైద్యు డిచ్చు తీర్పు గాదనియు ఆమె వివరించినది. సంతానలేమి చరిత్ర లేని 30 మొదలు 44 ఏండ్ల స్త్రీలను పరిశీలించి 2017లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో, ఏ.ఎమ్.హెచ్. తక్కువగా నున్నవారికిని తక్కినవారితో సమానముగనే గర్భము నిలిచినది. మఱి ఆ పరీక్ష యెందులకందురా? సూదిమందు లిచ్చి గ్రుడ్లు పెంచవలసివచ్చినచో ఎన్ని లభించునో అంచనా వేయుటకు, కాలము వృథా చేయవచ్చునా కూడదా యని యెంచుటకు అది పనికివచ్చును. గర్భనిరోధపు మాత్రలు వాడుచున్నప్పుడు ఆ సంఖ్య తగ్గి కనబడవచ్చును గనుక ఆ సంగతియు చెప్పవలెను.

పిమ్మట ఆమె కలము క్రింద బెట్టి, "మీవా రేరీ?" అనెను. ప్రక్కనే కూర్చున్న మా మఱిది కదలక ఊరకుండెను. పరీక్ష జరిగినది. మిల్లీలీటరుకు 90 లక్షల శుక్రకణములు తేలినవి. ప్రపంచారోగ్యసంస్థ 2021లో ప్రకటించిన గ్రంథము ప్రకారము క్రింది హద్దు 160 లక్షలు. చలనము కలవి నూటికి 42, ఆకారము సరిగా నున్నవి నూటికి 4. నూటికి నాలుగే చాలునా యని నాకు నవ్వు వచ్చినది గాని నిజ మంతే. ఈ హద్దును ఏర్పఱచిన తీరును పాఠకురాండ్రు తెలిసికొనవలెను. యత్నించిన 12 మాసములలోపల భార్యకు గర్భము నిలిచిన పురుషులనే పరీక్షించి, వారిలో అందఱికంటె తక్కువగా నున్న నూటి కయిదుగురు ఎచ్చట ఆగిరో అచ్చట గీత గీసిరి. అనగా ఆ గీత క్రింద నుండియు తండ్రులైనవారు కలరు. అది గోడ గాదు.

అతనికి నెలన్నర క్రిందట డెంగీ జ్వరము తగిలియుండెను. శుక్రకణము తయారగుటకు రమారమి రెండున్నర నెలలు పట్టును. కావున అధికజ్వరము వచ్చి తగ్గినను రెండుమూడు నెలలవఱకు ఫలితము చెడియుండవచ్చును. అందువలన ఒక్క పరీక్షతో తేల్చరాదని డాక్టరమ్మగారు మూడు నెలలకు తిరిగి చేయించిరి. రెండవమారు 130 లక్షలు వచ్చినవి. వృషణముల రక్తనాళములు ఉబ్బియుండుటయు బయటపడినది. దానికి శస్త్రచికిత్స కలదు. కణములు మిక్కిలి తక్కువగా నున్నవారికి ఒక్క కణమును సూదితో అండములో ప్రవేశపెట్టు పద్ధతియు 1992 నుండి వాడుకలో నున్నది.

అతని కాగితము మాత్రము వాట్సాప్ గుంపునకు పోలేదు. పోగూడదనియే నేనును చెప్పుదును. అయితే ఆ మర్యాద ఆమె కాగితమునకును చెల్లవలసియుండినది. రెండవ సంబంధపు మాట ఆగినది, చికిత్స నడచుచున్నది.

తక్కిన పరీక్షలను గూర్చియు కొంత చెప్పెదను. అండము విడుదలయగుచున్నదా యని చూచు ప్రొజెస్టరోను పరీక్షను ఇరువదియొకటవ దినపు పరీక్ష యందురు. అది 28 దినములకు ఋతువగువారికే సరిపోవును. 35 దినముల కగువారు 28వ దినమున చేయించుకొనవలెను. రాబోవు ఋతువునకు ఏడు దినముల ముం దనుట సరియైన లెక్క. గర్భనాళములలో రంగుమందు పంపి తీయు ఎక్స్‌రేలో నాళము మూసికొనినట్లు కనబడినను, ఒకప్పు డది బిగుసుకొనుటవలన కలుగు భ్రాంతియే కావచ్చును. నిజముగా మూసికొనియున్నచో మన దేశమున క్షయ యొక ముఖ్యకారణము. ఇది దగ్గు లేకయే కడుపులో దాగియుండును. థైరాయిడు దోషము మాత్రలతో చక్కబడును. దానికి దిగులు పడనక్కఱలేదు.

ఇక ఆ గదిలో అడుగవలసిన మాటలు. "ఈ ఫలితమువలన మా చికిత్స మారునా?" అనునది మొదటిది. మారనిచో ఆ పరీక్ష యెందులకో తెలిసికొనవచ్చును. "ఏమియు చేయక ఆఱు మాసములు వేచియున్నచో మాకు కలుగు నష్ట మెంత?" అని యడుగుటకు మనవారు జంకుదురు, కాని మంచి వైద్యులు ఈ ప్రశ్నకు సంతోషింతురు. పరీక్షనాళిక పద్ధతిని గూర్చి మాట వచ్చినచో "నూటికెందఱికి గర్భము నిలిచినది?" అని యడిగి ఊరకుండకుడు. "మా వయస్సువారిలో నూటి కెందఱు బిడ్డ నెత్తుకొని యింటికి పోయిరి?" అని యడుగుడు. ఈ రెండు సంఖ్యలకు నడుమ పోయిన గర్భము లున్నవి.

ఈ ప్రశ్నలకు చట్టముయొక్క అండయు కలదు. 2021 నాటి చట్టము ప్రకారము ఇట్టి చికిత్సాకేంద్రములు రిజిస్టరు కావలెను. జయము కలుగు అవకాశములు, వ్యయము, అపాయములు దంపతులకు ముందుగా తెలుపవలెను. సమ్మతి వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను. వారి సంగతులు రహస్యముగా నుంచవలెను. స్త్రీకి 50 ఏండ్లు, పురుషునకు 55 ఏండ్లు దాటినచో చికిత్స చేయరాదు. 2019లో గుంటూరున 70 దాటిన యొక వృద్ధురాలికి కవలలు కలిగిన వార్త మీరు చదివియుందురు. ఆ యండములు వేఱొక స్త్రీవి. ఇప్పు డట్లు చేయుటకు చట్ట మొప్పుకొనదు.

దూరమును గూర్చి యొక మాట. బందరు వారికి గుడివాడ మీదుగా బెజవాడకు రైలు కలదు. దివిసీమకు రైలు లేదు. అవనిగడ్డ వారు బస్సెక్కవలెను, లేక పులిగడ్డ వంతెన దాటి రేపల్లె మీదుగా గుంటూరు పోవలెను. పట్టాభి సీతారామయ్యగారు రాజకీయములలో మునుగకమునుపు వైద్యము చేసిన బందరులో 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాలయు నడచుచున్నది. రక్తపరీక్షలు, స్కానింగులు దగ్గఱి పట్టణముననే చేయించుకొని, ఫలితములు ముచ్చటించుటకు మాత్రము పెద్దడాక్టరు నొద్దకు పోవచ్చును. పాత కాగితము లన్నియు, ఎక్స్‌రే ఫిల్ములతో సహా, తేదీల వరుసను సంచిలో పెట్టుకొనుడు. లేనిచో అవే పరీక్షలకు మరల డబ్బు పోయవలసివచ్చును. ఋతువు వచ్చిన తేదీలు ఆఱు నెలలవి వ్రాసికొని పొండు. ఆవల బస్సు తప్పిపోవునను తొందరలో సగము ప్రశ్నలు మఱచిపోదుము గనుక అవియు చీటిపై వ్రాసికొని, డాక్టరు చెప్పు సమాధానములను మగనిచేతనే వ్రాయింపుడు.